అత్త పండించిన మిద్దె

వాన వెలిసిన మర్నాడు మిద్దె ఎక్కి రాతిగుండు దొర్లించడం మా అత్త అజూబా పని. కింద నేను యవలు విసురుతుంటే పైన గుండు గురగురలాడేది. తడిసిన మట్టిని అలా అణచకపోతే మిద్దె కారి, విత్తనాల జాడీలు తడిసిపోతాయి. ఈ ఒలీవల కోతల్లో ఆవిడ పోయింది. ఇప్పుడు తిరగలీ నాదే, గుండూ నాదే.

మా మిద్దెకూ పక్కింటి హొగ్లా మిద్దెకూ మధ్య పిట్టగోడొక్కటే అడ్డం. అత్త గుండు తోస్తూనే ఎవరింట్లో పప్పు మాడిందో వాసన పట్టేది. కిందికి దిగేసరికి ఒడి నిండా కబుర్లుండేవి.

ఒక ఏడు వానలకు ముందు మిద్దె మెత్తుతూ, కళ్ళంలోని యవల పొట్టును గింజలు చెరిగి తీయకుండానే మట్టిలో కలిపేసింది. తొలి వానకి మిద్దంతా పచ్చగా మొలిచింది. హొగ్లా గోడ మీదికి వంగి ఒకటే నవ్వు.

"అజూబక్కా, ఎడ్లను పైకెలా ఎక్కించావ్?"

"ఎడ్లెందుకే? మీ ఆయన్ని పంపు, కాడి కడతా."

పొరపాటని ఒప్పుకుంటేగా! మేకను కట్టే చోటికి పైనున్న మూలను వదిలేసి, మిగతాదంతా గుండుతో అణిచింది. ఆ మూలన నాలుగు వెన్నులు తీశాయి. వాటిని పచ్చిగానే నిప్పుల మీద వేయించి హొగ్లా చేతిలో పోసింది.

"పై పొలం పంట. తిను, దీనికి పన్ను లేదు."

అప్పట్నుంచి ఏటా ఆ మూల మట్టిలో కావాలనే గుప్పెడు యవలు కలిపేది. అక్కడ కారి కింద మేక తడిసి అరిస్తే, "నీకూ వాటా ఇస్తాలేవే" అనేది.

ఈసారి ఆవిడ మిద్దె ఎక్కలేకపోయింది. వాకిట్లో కూర్చుని మట్టి కలిపి అందిస్తే నేనే మెత్తాను. ఆఖర్న ఒక ముద్ద విడిగా ఇచ్చి, "ఇది ఆ మూలకి" అంది. ఆ ముద్దలో ఏముందో నేను అడగలేదు.

వారం రోజులు ముసురు పట్టిన తొలి వాన నిన్న వెలిసింది. ఇవాళ మిద్దె ఎక్కి గుండు తోసుకుంటూ వెళ్తే, ఆ మూలన సూదుల్లాంటి మొలకలు. నా చేతులు ఆగిపోయాయి.

"తొక్కించెయ్యి పిల్లా," అంది హొగ్లా గోడవతలనుంచి. "ఈ ఏడు వానలు గట్టిగా ఉండేలా ఉన్నాయి. దాని కింద ఏమున్నాయి?"

"మేక, దాని పక్కనే విత్తనాల జాడీలు."

"మరింకేం! తడిస్తే వచ్చే ఏడు ఏం చల్లుతావ్?"

"జాడీలు నా పక్క దగ్గరికి జరుపుతా పిన్నీ. మేకను గుమ్మం దగ్గర కడతా."

హొగ్లా ముసుగు కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"సరే, వెన్నులు తీస్తే నా వాటా మర్చిపోకు."

"పన్ను కడతావా?"

"అచ్చం మీ అత్తవేనే నువ్వు!"

గుండును ఆ మూలకి జానెడు ఇవతలే ఆపాను. దొర్లిపోకుండా దాని కింద రాయి పెట్టి, జాడీలు జరపడానికి దిగాను.