మంచమంత చీమ

బొమ్మల కాలేజీలో చేరి మూడు నెలలు కాకముందే ఆ అమ్మాయికి తాను గొప్ప కళాకారిణినని తెలిసిపోయింది. ఇంకెవరికీ తెలియకపోవడమే లోటు.

"ఏదైనా చిన్నదాన్ని పెద్దగా చేసి చూపించండి. అందులో ప్రకృతి ఉండాలి, మీ ఇంటి అలవాటూ ఒకటి ఉండాలి," అన్నారు మాస్టారు.

'చీమ ముందు మనిషి చిన్నబోవాలి' అని నోటుపుస్తకంలో రాసుకుని, కింద రెండు గీతలు కూడా గీసుకుంది. వెదురు బద్దలతో తరగతి గదిలో మంచమంత చీమను కట్టింది. ఒళ్లంతా రాలిన ఆకులు అంటించడానికి ఇంట్లో అమ్మమ్మ కాచే మైదా జిగురు ఉండనే ఉంది.

"చిటికెడు పంచదార వెయ్యవే, పట్టు బాగుంటుంది," అంది అమ్మమ్మ.

పెద్ద చీమ కదా అని మనవరాలు గిన్నెడు వేసింది.

మర్నాడు తలుపు తీస్తే చీమ ఒళ్లంతా నల్లగా కదులుతోంది. కిటికీలోంచి బారు కట్టిన అసలు చీమలు జిగురు పెచ్చులు ఎంచక్కా మోసుకుపోతున్నాయి. ఆకులు జలజలా రాలుతున్నాయి. ఆమె ఉఫ్‌ఉఫ్‌మని ఊదింది, చీపురు పట్టింది, చివరికి "పోండమ్మా, దీనికి మార్కులున్నాయి," అని బతిమాలింది కూడా.

గుమ్మంలో నిలబడి మాస్టారు తృప్తిగా చూశారు. "అద్భుతమమ్మా!"

ఆమె సిగ్గుపడబోయింది.

"నీది కాదు, వాటి పని."

పుస్తకంలో రాసుకున్నది అక్షరాలా జరిగింది. ఏ చీమ ముందో రాసుకోకపోవడమే పొరపాటు.