మోటార్లు ఆగిన పూట

పూండి దాటాక జీడితోటల మధ్య ఉన్న ఆ ఊరు మా అక్క అత్తవారిది. నీటి సరఫరా శాఖలో పనిచేసి రిటైరైన నేను, ఆ వేసవంతా వాళ్ల వీధిలో ఇనుప చువ్వ పట్టుకుని తిరిగాను.

బావకు కిడ్నీలు పాడై పలాసలో డయాలసిస్ చేయించేవారు. రోజు మొత్తానికి కొద్ది నీళ్లే తాగనిచ్చేవారు. ఆ కాస్తా, కిడ్నీలు చెడగొట్టాయని ఊరంతా అనుకునే బోరు నీళ్లు కాకూడదని, కొత్తగా వేసిన కుళాయి నీళ్లే కావాలని ఆయన పట్టు. కానీ వీధి చివరనున్న వాళ్ల కుళాయి ఎండిపోయింది. పైపు ఎక్కడో పగిలింది. ఆ ఉద్దానం ప్రాంతపు ఇసుకలో ఎంత నీరు కారినా పైకి తేమ కనబడదు. పైన సిమెంటు రోడ్డు. చోటు చూపిస్తేనే తవ్వుతామన్నారు పంచాయతీవాళ్లు.

చువ్వ ఒక కొస పైపుకు, ఇంకో కొస చెవికి ఆనిస్తే పగులులోంచి నీరు చిమ్మే బుస వినబడుతుంది. అదీ నీరు వదిలినప్పుడే. వదిలేది పొద్దున్న కాసేపు. ఆ కాసేపూ ఇంటింటా మోటార్లు పెట్టి లాగేవారు. ఆ రొదలో ఏమీ వినబడేది కాదు.

“ఒక్క పూట ఆపమ్మా” అని పక్కింటావిడను అడిగాను.

“నానాపితే ఎదురింటోలు తోడేత్తారు మావా. ముందు ఆలనాపమను.”

ఎదురింటివాళ్లు ఈవిడను చూపించారు.

అరుగు మీంచి బావ నవ్వాడు. “ఏటి బావా, డాట్రు నా గుండె సూసినట్టు సూత్తన్నావు. బతుకుద్దా?”

“మీ వీధివాళ్లు మోటార్లాపితే బతుకుతుంది.”

“మా ఈదిలో మోటార్లాగేది సావొత్తేనే.”

నిజమే. శవం లేచేదాకా అక్కడ ఇరుగుపొరుగు ఎవరూ పొయ్యి వెలిగించరు, నీళ్లు పట్టరు.

వానలు పడకముందే బావ పోయాడు. తెల్లారి ఆయన్ను అరుగు మీద పడుకోబెట్టాం. నీరు వదిలే వేళయింది. ఒక్క మోటారూ మోగలేదు. తలుపు వెనకున్న చువ్వ తీసుకుని వెళ్లి ప్రతి ఇంటి కుళాయి దగ్గరా విన్నాను. పక్కింటావిడ గుమ్మం ముందు బుస స్పష్టంగా వినబడింది. అక్కడొక రాయి పెట్టాను. తర్వాత తవ్వితే పగులు ఆ రాయి కిందే ఉంది.

నేను రాయి పెడుతుంటే చూసి “ఇక్కడేనా మావా?” అందావిడ. తల వంచుకుని లోపలికి వెళ్లిపోయింది.

తిరిగొచ్చేసరికి అక్క కుళాయి కింద బిందె పెట్టింది. మోటార్లు లేకపోవడంతో సన్నటి ధార వస్తోంది. ఆ నీళ్లతోనే బావకు స్నానం చేయించాం.

పాడె వీధి మలుపు తిరగకముందే వెనక ఒక మోటారు మొదలైంది. తర్వాత మరొకటి.