పత్తిలో గింజ తీసినట్టు

ఆ రోజు నాకు తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పాను. ప్రశ్న అడిగిన మనిషిని అందరి ముందూ చిన్నబుచ్చాను.

ఆదోనిలో లాటిన్, గ్రీకు మూలాలు విడదీసి పెద్ద ఇంగ్లీషు మాటలు నేర్పేవాణ్ణి. నా క్లాసుకు ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చే ఆవిడ ఆదోనిలోనే ఓ ఆసుపత్రిలో ఆయా. నర్సింగు ప్రవేశ పరీక్షకు చదువుతోంది. వయసు దాటిపోతోంది కనుక అదే ఆఖరి అవకాశం. బోర్డు మీద ఏ మాట రాసినా, పత్తిలోంచి గింజ లాగినట్టు రెండు వేళ్లు ఆడించి, "ఇందులో గింజ యాడుంది సార్?" అనేది.

"ఆర్థో అంటే ఎముక" అన్నాను ఆ రోజు.

"వంకర పళ్లకు తీగ కట్టే డాక్టరు బోర్డు మీద గూడా ఆర్థో అని ఉంది గద సార్. ఆయప్పా, ఎముకల డాక్టరూ ఇద్దరూ వంకర తీసేటోళ్లే. గింజ 'సక్కంగా' అనేమో?"

"పాఠం నువ్వు చెప్తావా? పోయి నేల తుడుచుకో!"

క్లాసంతా నవ్వింది. సాయంత్రం నిఘంటువు తీస్తే ఆవిడ చెప్పిందే నిజం. మర్నాడు ఆవిడ రాలేదు. ఆసుపత్రికి పరుగెత్తాను.

"ఆడే నిలబడు సార్, తడి ఆరలా. జారితే ఎముకల డాక్టరు గూడా ఈ పొద్దు లేడు" అంది వార్డు తుడుస్తూ. క్లాసుకు రమ్మన్నాను. "రాను సార్. నవ్వినోళ్ల మొగాలు మళ్లీ ఎట్ల సూడాల?"

మరుసటి రోజు ఆవిడ భోజనం వేళకు క్లాసు మొత్తాన్నీ ఆసుపత్రి మెట్ల దగ్గరికి తీసుకెళ్లాను. అందరి ముందూ నా తప్పు చెప్పి, క్షమించమని అడిగి, అక్కడే పాఠం మొదలుపెట్టాను. ఆవిడా వచ్చి ఓ మెట్టు మీద కూర్చుంది. పరీక్ష దాకా మా క్లాసు ఆ మెట్ల మీదే జరిగింది.