జాతరనాడు మైలోడిని కడిగాను

ఆ రోజుల్లో మా ఊళ్లో మంచి ఎద్దు ఉన్నవాడు దాన్ని దాచుకునేవాడు. ఈ మాట చెబితే మా మనవలు పడీపడీ నవ్వుతారు, ఎద్దును ఏ పెట్టెలో దాస్తారని. గడీలో దొర ఏలుతున్న కాలం అది. కంటికి నదరుగా కనిపించిన ఎద్దు మర్నాటికల్లా గడీ కొట్టంలో వెట్టికి కట్టేసి ఉండేది. అడిగే నోరు ఎవరికీ లేదు. (సంఘం వాళ్లు చుట్టుపక్కల ఊళ్లకు వస్తున్నారని వినడమే, మా ఊరికింకా రాలేదు.) అందుకే జాతరకు బయలుదేరే ముందు మా నాయిన మా బూడిదతెలుపు మైలెద్దు మోకాలికి పసుపూ బూడిదా పట్టించి, పాతగుడ్డతో కట్టు కట్టి, ఒళ్లంతా పేడ పూశాడు.

"ఎవలన్న అడిగితె కాలు బెణికిందని చెప్పుండ్రి. నవ్వకుండ్రి" అని అమ్మకూ అవ్వకూ నాకూ పాఠం చెప్పాడు. అవ్వ ఆ పాఠాన్ని అందరికంటే బాగా ఒంటబట్టించుకుంది. బండెక్కిన దగ్గర్నుంచి ఏడుపు మొహం పెట్టుకుని, ఎవరూ అడక్కముందే "మా ఎద్దుకు కాలు బెణికింది బిడ్డా" అని దారి పొడుగునా అందరికీ చెప్పింది. మైలోడు మాత్రం (మేమలాగే పిలిచేవాళ్లం) పక్కనున్న నల్లటి కర్రెద్దును మించి గునగునా నడుస్తుంటే, నాయిన "జర కుంటరాదురా" అని బతిమాలాడు.

జాతరలో రంగులరాట్నం, పేలాల కుప్పలు, గాజుల దుకాణాలు, అన్నిటికంటే పెద్ద గుంపు బండ లాగే పందెం దగ్గర. అమ్మానాయినలూ అవ్వా కొబ్బరికాయ కొట్టడానికి పోతూ నన్ను బండి దగ్గర కాపలా ఉంచారు. అప్పుడొచ్చాడు మా మేనత్త కొడుకు. "గీ కుంటిదానికంటె మా మేక నయం" అన్నాడు. పదేళ్లదాన్ని, ఎంతకని ఓర్చుకోను? మైలోడిని జాతర పక్కనున్న వాగులోకి తోలుకుపోయి, కట్టు విప్పి, వెండిలా మెరిసేదాకా తోమి, నా జడ రిబ్బన్లు కొమ్ములకు కట్టాను.

నాయిన తిరిగొచ్చేసరికి చుట్టూ జనం. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. నా వంకా, విప్పేసిన కట్టు వంకా చూశాడు. ఇంతలో ఎవరో "ఒక్కపారి బండకు కట్టరాదె, చూద్దాం" అన్నారు. మూడేళ్లు ఆ ఎద్దును దాచిన మనిషి ఆ ఒక్క మాటకు కరిగిపోయాడు. రెండెద్దులనూ కట్టాడు. బండ సున్నపు గీత దాటింది. పెద్దమనుషులు నాయిన తలకు రుమాలు చుట్టారు. మా నాయిన అలా నోరారా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

ఆ రుమాలు సర్దుకునేలోపే గడీ జవాను వచ్చి మైలోడి వీపు మీద చెయ్యేశాడు. "దొర చూస్తె ఖుషైతడు. గిప్పుడే తోలుకపోత" అన్నాడు. అవ్వ వెనకనుంచి పరుగున వచ్చి "అయ్యా, దానికి కాలు బెణికింది" అంది పాఠం తప్పకుండా. జనమంతా గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

"కట్టు ఎవలు ఇప్పిండ్రు?" అని అమ్మ నిలదీసింది. నేను నోరు తెరిచేలోపే, "నేనే. పందెం మీద మనసాయె" అన్నాడు నాయిన. తెరిచిన నోరు నేను మూసుకున్నాను. కాడికి ఓ పక్క కర్రెద్దు, ఇంకో పక్క నాయిన భుజం. అలా ఇల్లు చేరాం.

పోలీసు చర్య తర్వాత దొర పట్నం పారిపోతే నాయిన గడీకి పోయి చూశాడు. కొట్టం ఖాళీ. అమ్మ మాత్రం దుక్కి మొదలైన ప్రతిసారీ "పందెం పిచ్చితోని లక్ష్మసొంటి ఎద్దును పోగొట్టిండు" అని ఆయన్ను దులిపేది. ఆయన తలొంచుకుని అన్నం తినేవాడు. ఈసారి చెప్పేద్దాం అనుకుంటూ ఉండగానే పెళ్లయిపోయింది, తల్లినయ్యాను. నాయిన పోయాడు.

ఆయన పోయిన ఏడాదికి అమ్మకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. "ఎన్ని మాటలంటినే బిడ్డా ఆయనను" అంది. అంత పెద్ద ఎద్దును వాగులోకి తోలుకుపోవడానికి జంకని దాన్ని, అంత చిన్న మాట చెప్పడానికి నెత్తి నెరిసేదాకా ఆగానే అని నవ్వొస్తుంది నాకు. అమ్మ మాత్రం ఆ రోజు అన్నం ముట్టలేదు.