తూరుపు ముఖం బండి

మొన్న చలి బాగా దిగిన ఒక పొద్దున్న, గరివిడిలో మా అద్దె ఇంటి ముందు మా ఆయన పాత డీజిల్ కారు తాళం తిప్పితే అది కుర్ కుర్‌మని మూలిగి ఊరుకుంది. మళ్ళీ తిప్పారు. మళ్ళీ అదే మూలుగు. నేను అప్పుడు ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఆ తర్వాత ఏం చేశానో నాకే తెలియదు. తేరుకుని చూసుకునేసరికి చాకు పప్పుడబ్బాల వెనక దాచేసి ఉంది, స్టవ్ ఆర్పేసి ఉంది, నా కూతుర్ని చంకనేసుకుని వెనకగదిలో బియ్యం బస్తా పక్కన నక్కి నిలబడి ఉన్నాను. బయట మా ఆయన నవ్వుతూ, "ముసిలి బండికి సలేసినట్టున్నాదే, కూసింత టీ పట్రా" అని కేకేస్తున్నారు. "అమ్మా, ఎందుకు దాక్కున్నాం?" అంది పిల్ల. దానికేం చెప్పను? చెప్పాలంటే బొబ్బిలి దగ్గర మా ఊళ్ళో, మా నాన్న బండి దగ్గర మొదలుపెట్టాలి.

మా నాన్న అద్దెకి తోలుకునేందుకు ఒక పాత డీజిల్ కారు కొన్నాడు. ఎవరో ఆఫీసరుగారు వాడి వాడి వదిలేసిన తెల్లబండి. దానికి జరిగిన మర్యాద మా ఇంట్లో మనిషికెవరికీ జరగలేదు. శుక్రవారం పసుపు రాయాలి, నిమ్మకాయలు మార్చాలి, ఎంగిలి చేత్తో ముట్టకూడదు. అన్నిటికన్నా పెద్ద నియమం, బండి మూతి తూరుపుకే ఉండాలి. మా ఊరి శ్మశానం పడమరన ఉంది. పడమర ముఖం పెట్టి నిలబెట్టిన బండి శవాన్ని మోస్తుందని నాన్న నమ్మకం. అయితే మా వాకిలి తూరుపు పక్క బాగా ఎత్తు, పడమర పక్క పల్లం. అందుకని మా బండి రాత్రంతా కొండెక్కబోయి ఆగిపోయిన ఎద్దులా మూతి పైకెత్తుకుని నిలబడి ఉండేది. డీజిల్ ట్యాంకేమో వెనక, పల్లంలో. ఆ సంగతి అప్పట్లో ఎవరికీ పట్టలేదు.

పొద్దున్నే మా ఇంట్లో అందరం ఊపిరి బిగబట్టి ఆ బండి చప్పుడు వినేవాళ్ళం. మొదటి తిప్పుకే అందుకుందంటే ఆ రోజు పండగ, సాయంత్రం పకోడీల పొట్లం వచ్చేది. అందుకోలేదంటే నాన్న కోపానికి ఒక వరస ఉండేది. ముందు బండిని బూతులు తిట్టేవాడు, తర్వాత టైరుని తన్నేవాడు, తన కాలు నొప్పెట్టేసరికి ఎదురుగా ఎవరుంటే వాళ్ళని కొట్టేవాడు. ఎదురుగా ఉండేది అమ్మే. ఇత్తడి చెంబు విసిరితే కనుబొమ మీద చీలింది. బెల్టు తీస్తే వీపు మీద వాతలు తేలేవి. నేను వడ్లు పోసే కొయ్యగూటి వెనక కూర్చుని చెవులు మూసుకునేదాన్ని. చేతుల్లోంచి కూడా ఆ కుర్ కుర్ వినబడేది. ఒకసారి ఎవరో చెప్పారని గుడ్డకి పెట్రోలు తడిపి ఇంజను గాలి పీల్చుకునే గొట్టం దగ్గర పెట్టాడు. ఢాంమని మంట లేచి నాన్న మీసం సగం కాలిపోయింది. ఒంటిమీసంతో నిలబడ్డ ఆయన్ని చూసి నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుకి నా చెంప పగిలింది.

రోగమేమిటో తేల్చడానికి నాన్న చెయ్యని ప్రయత్నం లేదు. బొబ్బిలి షెడ్డులో బేటరీ మార్చారు, ఇంజనుని వేడెక్కించే హీటర్లు మార్చారు, ఫిల్టరు మార్చారు, పంపు విప్పి బిగించారు. చిత్రమేమిటంటే షెడ్డులో ఆ బండికి ఏ జబ్బూ ఉండేది కాదు. "మా కాడ గుర్రంలాగ లెగుస్తన్నాది గదండీ, మీ ఇంటికాడే ఏటయితన్నాదో మీ ఇంట్లోవోళ్ళనే అడగండి" అన్నాడట మెకానిక్. సరదాకి అన్న మాట. నాన్న దాన్ని సరదాకి తీసుకోలేదు. జబ్బు బండిలో లేదు, ఇంట్లోవాళ్ళలోనే ఉందని తీర్మానించుకున్నాడు.

అసలు జబ్బు కనిపెట్టింది అమ్మ. మా పెరట్లో ఒక చేతి బోరు ఉండేది. దాని లోపలి తోలు వాసరు అరిగిపోయి, రాత్రికి నీళ్ళన్నీ కిందికి జారిపోయేవి. పొద్దున్న చెంబుడు నీళ్ళు పోసి గబగబా కొడితేగానీ అందుకునేది కాదు. ఒకసారి వరిగడ్డి బండి వాకిలికి అడ్డంగా దిగబడిపోయి, మా కారు ఆ రాత్రి రోడ్డు మీద సమంగా ఉన్నచోట ఉండిపోయింది. పొద్దున్న మొదటి తిప్పుకే లేచింది. అమ్మ బోరునీ బండినీ పక్కపక్కన పెట్టి చూసుకుంది. ఎక్కడో పైపు పగిలి గాలి పీలుస్తోంది, మూతి ఎత్తులో పెట్టేసరికి డీజిలంతా రాత్రికి రాత్రే ట్యాంకులోకి దిగిపోతోంది. చాలా కాలానికి ఒక మెకానిక్ సరిగ్గా ఆ మాటే చెప్పి, బీటలిచ్చిన రబ్బరు పైపు ముక్క తీసి చూపించాడు. అందులోంచి డీజిల్ చుక్క కూడా కారేది కాదు, గాలి మాత్రం దూరేది. కానీ ఆ రోజు అమ్మ నోరు తెరిచి, "ఓపాలి ఇటు పల్లానికి తిప్పి ఎట్టి సూడు" అన్నందుకు, "నన్ను కాటికి పంపాలనున్నాదేటే?" అని నాన్న పిడికిలి బిగించి మూతి మీద గుద్దాడు. ముందుపన్ను ఊడి అన్నం కంచంలో పడింది.

అమ్మ ఇంక ఆ మాట ఎత్తలేదు. రోజూ నాన్న లేవకముందే లేచి, సరిగ్గా పడని కారు తలుపు తీసి, బానెట్టు కింద గోనెపట్టా మడత పెట్టి చప్పుడు కాకుండా ఎత్తేది. డీజిల్‌ని మళ్ళీ ఇంజను దాకా తోడడానికి ఫిల్టరు మీద గుండీలాంటి చిన్న చేతిపంపు ఉంటుంది. అది గట్టిపడేదాకా నొక్కి, బానెట్టు దించి, ఏమీ ఎరగనట్టు వచ్చి పొయ్యి ముట్టించేది. చింతపండుతో ఎంత తోమినా ఆమె చేతుల డీజిల్ వాసన పోయేది కాదు. బళ్ళో నా వెనక కూర్చునే పిల్ల, "నీ జడ బంకులాగ కంపు కొడతన్నాదే" అని వెక్కిరించేది. ఆ కంపు ఎక్కడిదో చూద్దామని ఒకరోజు లేచి తలుపు సందులోంచి చూశాను. అమ్మ నన్ను చూసి వేలు పెదవుల మీద పెట్టుకుంది. ఆ పన్ను లేని సందు కనబడింది. నేను మళ్ళీ వెళ్ళి పడుకున్నాను. పొద్దుటి పూట దెబ్బలు తగ్గాయి. బండి బాగుపడిందని నాన్న ఊరంతా చెప్పుకున్నాడు.

ఆ ఏడు శివరాత్రికి శ్రీముఖలింగం బేరం కుదిరింది. పక్క ఊరి మొగుడూ పెళ్ళాలూ, వాళ్ళ ముసలి తల్లీ, చీకటుండగానే వచ్చేసి బండికి ఆనుకుని కూర్చున్నారు. అమ్మకి బానెట్టు అందలేదు. ముగ్గు గిన్నె పట్టుకుని బండి చుట్టూ తిరిగింది. ముగ్గు గడప వదిలేసి చక్రాల దాకా పాకింది గానీ వాళ్ళు కదల్లేదు. నాన్న విభూది పెట్టుకుని, కొబ్బరికాయ కొట్టి, తాళం తిప్పాడు. కుర్ కుర్. తెల్లపొగ. మళ్ళీ తిప్పాడు. "పోనీ బస్సుకెల్లిపోదాం నాయనా" అంది ముసలమ్మ. నాన్న మెడ నరాలు ఉబ్బాయి.

మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, మా ఇంట్లోనే ఉండి నాన్నతో వంతులవారీగా బండి తోలేవాడు. "బావా, ఓపాలి తోసి సూద్దామేటి?" అన్నాడు.

"తోస్తావురా, తోస్తావు! రేత్తిరి డీజిల్ తోడేసింది నువ్వు గాదేటి?"

"నానా? సత్తెపెమాణికంగా సుక్క ముట్టుకోనేదు బావా!"

జాకీ రాడ్డు నాన్న చేతిలోకి ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోదానికి మావయ్య చెయ్యి అడ్డుపెట్టాడు. ఎండిన చెరుకు విరిచినట్టు చప్పుడైంది. మావయ్య ముగ్గు మీద పడ్డాడు, ముగ్గు ఎర్రబడింది. "దొంగ నా కొడకా, ఇయ్యాల నిన్ను సంపేస్తాను" అంటూ నాన్న మళ్ళీ రాడ్డు ఎత్తాడు. ఈసారి తలకి గురిపెట్టాడు.

అమ్మ ఏడవలేదు, అరవలేదు. చేతులు కొంగుకి తుడుచుకుని, బానెట్టు ఎత్తి, పంపు నొక్కడం మొదలుపెట్టింది. రాడ్డు గాలిలోనే ఆగిపోయింది. పిల్లకి పాలుపట్టే ఆడదానిలా ఆమె నిదానంగా నొక్కుతూనే ఉంది. గుండీ గట్టిపడ్డాక బానెట్టు దబ్బున మూసింది.

"ఎక్కి తాళం తిప్పు" అంది నాన్నతో. "నా తమ్ముడు డీజిల్ తోడేసుంటే ఇది లెగకూడదు. తిప్పు."

నాన్న తిప్పాడు. బండి గుర్రంలా లేచింది.

"ఓలమ్మో!" అంది ముసలమ్మ.

నాన్న దిగాడు. ముఖంలో రక్తం లేదు. "ఎన్నాళ్ళకాడ్నించి సేస్తన్నావే?"

"నా పన్ను ఊడిన కాడ్నించి."

ఆ మాటకి నాన్న సిగ్గుపడ్డాడని రాయాలనుంది. కాదు, కొట్టాడు. అమ్మ బంపరు మీద పడి, అది పట్టుకునే లేచింది. నోట్లో రక్తం ఊసి, "ఇంకా కొట్టు. రేపట్నించి నాను దీన్ని ముట్టుకోను. పొద్దున్నే ఎవుల్ని కొడితే లెగుస్తాదో సూసుకో" అంది. అప్పుడు ముసలమ్మ కర్రతో నాన్న రొమ్ము మీద పొడిచింది. "సాల్లే, మగతనం! లింగమయ్య యాడికీ పోడు. ముందు ఆ కుర్రోడ్ని ఆసుపత్రికి తోలు." ఇంజను ఆపితే మళ్ళీ లేవదని నాన్నకి తెలుసు. బండి ఎక్కాడు. అమ్మ తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. అన్నాళ్ళుగా బండిని లేపుతున్న మనిషి, అందులో ఎక్కడం అదే మొదలు.

మర్నాడు అమ్మ తెల్లవారేదాకా పడుకుంది. నాన్న బేటరీ చచ్చిపోయేదాకా తిప్పాడు. నేను అలవాటుగా కొయ్యగూటి వెనక దూరాను. కానీ ఎవరూ లోపలికి రాలేదు. చాలాసేపటికి బయటికి చూస్తే, నాన్న ఇరుగుపొరుగుల్ని పిలిచి బండిని తోయిస్తున్నాడు. ఆ సాయంత్రం నుంచీ మా బండి పడమరకి, శ్మశానం వైపు మూతి దించుకుని నిలబడింది.   నాన్న చెయ్యి ఎత్తడం మానేశాడంటే అబద్ధమవుతుంది. ఎత్తి, కాస్త ఆగి, దించేసిన రోజులూ ఉన్నాయి. మావయ్య మణికట్టు వంకరగానే అతుక్కుంది. నాన్న ఇంట్లో ఉండగా ఆయన మా గుమ్మం తొక్కలేదు.

మొన్న గరివిడిలో నేను వెనకగదిలోంచి బయటికొచ్చాను. మా ఇంటి ముందు కాలవ గట్టు పైకి ఎక్కి ఉంది కారు మూతి. బానెట్టు తీయమన్నాను. గుండీ గట్టిపడేదాకా పంపు నొక్కాను. మా ఆయన నవ్వడం మానేసి, "ఇది నీకెవులు నేర్పినారే?" అన్నారు. "మా అమ్మ" అన్నాను. ఆయన వెళ్ళి తాళం తిప్పారు. కారు లేచింది. సాయంత్రం పైపు మార్పించారు.

అమ్మకి ఫోన్ చేసి బండి మొరాయించిందని చెబితే, తను అడిగింది బండి గురించి కాదు. "అల్లుడు ఏటన్నాడు?" అంది. టీ అడిగారన్నాను.  అవతల ముక్కు చీదిన చప్పుడు, తర్వాత "పంచదార ఎక్కువెయ్యి మరి" అన్న మాట వినబడ్డాయి.

ఇంజను లేచినప్పుడు గుమ్మంలో నిలబడి మా పిల్ల చప్పట్లు కొట్టింది. ఇప్పుడు ఆడుకునేటప్పుడల్లా నోటితో కుర్ కుర్‌మంటూ నా చుట్టూ తిరుగుతోంది. నాకు ఇంకా వీపు జలదరిస్తుంది, దానికి మాత్రం అది వట్టి కారు చప్పుడు. అది వట్టి చప్పుడు కావడానికి మా అమ్మ నుంచి దాని దాకా మూడు తరాలు పట్టింది.