ఉప్పు లేని ఉగ్గాని

మా ఇంట్లో ఒక పంచాంగం ఉంది. ముప్పై ఏళ్ళుగా ముహూర్తాలనూ వాస్తునూ తిడుతూ వ్యాసాలు రాసి, ఊరూరా మైకు పట్టుకుని అరిచిన మనిషి ఇంట్లో అది టీపొడి డబ్బా పక్కన, అట్ట నలిగి, పసుపు మరకలు పడి ఉంది. అది ఎలా వచ్చిందో నేనే చెప్పుకోవడం మంచిది. లేకపోతే ముసలితనంలో భయం పట్టుకుందని నా పాత మిత్రులు సంతోషిస్తారు.

ప్రొద్దుటూరులో మేము ఐదుగురం ఒక సంఘం పెట్టుకున్నాం. ఐదుగురికీ దేవుడి మీద నమ్మకం లేదు. మాలో మగవాళ్ళం మగవాళ్ళనే ప్రేమించాం, ఆడవాళ్ళు ఆడవాళ్ళనే ప్రేమించారు. హేతువాద సభల్లో ఈ రెండో సంగతి బయటపెడితే పక్కవాళ్ళు కుర్చీ కాస్త దూరం జరుపుకునేవాళ్ళు. రెండో సంగతి తెలిసిన స్నేహితుల మధ్య మొదటిది బయటపెడితే, "కనీసం శనివారమైనా గుడికి పోయి రాప్పా" అని బుజ్జగించేవాళ్ళు. రెండు చోట్లా సగం మనిషిగా కూర్చోవడం విసుగు పుట్టి మా కుర్చీలు మేమే వేసుకున్నాం.

కుర్చీలు ఏసీ మెకానిక్కువి. కువైట్‌లో పన్నెండేళ్ళు పనిచేసి వచ్చి, ప్రొద్దుటూరులో దుకాణం పెట్టినవాడు. సమావేశాలు ఆ దుకాణం మిద్దె మీద గదిలో. కింద ఊరందరి ఏసీలూ బాగయ్యేవి. పైన ఫ్యాను తిరిగేది కాదు. రెండో సభ్యుడు పెండ్లిమర్రి దగ్గర ఒక పూజారి ఇంట్లో పుట్టి, జంధ్యం తీసేసి, ఒక ప్రభుత్వ ఆఫీసులో రికార్డు గుమాస్తాగా చేరిన మనిషి. పదకొండేళ్ళుగా ఆయనా నేనూ ఒకే ఇంట్లో ఉంటున్నాం. వీధిలో మా పేరు "పెండ్లి కాని సార్లు". ఆ ఇంట్లో రోజూ జరిగే పోట్లాటలు వింటే మాకు పెళ్ళి కాలేదని ఎవరూ అనరు. మిగిలిన ఇద్దరూ జమ్మలమడుగు నుంచి స్కూటీ మీద వచ్చేవాళ్ళు. ఒకామె బ్లౌజులు కుట్టే దర్జీ, ఇంకొకామె లెక్కల టీచరు. ఇద్దరూ కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకుని రెండేళ్ళయింది.

సంఘానికి రెండు నియమాలు పెట్టాం. రెండూ నా పుణ్యమే. పుణ్యం అనకూడదు, నా పనే.

మొదటిది, ప్రతి సమావేశమూ రాహుకాలంలోనే జరగాలి. మూఢనమ్మకానికి సవాలు! రెండోది, తీర్మానం పెట్టినవాళ్ళే తర్వాతి సమావేశంలో లేచి దానికి వ్యతిరేకంగా వాదించాలి. ఆ తర్వాత కూడా అది నెగ్గితేనే అమలు. ఎదుటివాడి వాదనను వాడికంటే బాగా చెప్పలేనివాడికి సొంత వాదన చేసే హక్కు లేదని చిన్నప్పుడు నాకు వాదం నేర్పిన పెద్దలు అనేవాళ్ళు. మంచి పద్ధతే. చిక్కేమిటంటే, మా ఐదుగురికీ వాదించడం బాగా వచ్చు. సంఘానికి పేరు పెట్టాలని మూడు నెలల్లో మూడు తీర్మానాలు వచ్చాయి. మూడింటినీ ఎవరివి వాళ్ళే చిత్తుగా ఓడించుకున్నారు. అందుకే సంఘానికి ఈనాటికీ పేరు లేదు. వాదన మితిమీరితే ఆపడానికి ఒక చెక్కకు బిగించిన సైకిల్ గంట మాత్రం ఉంది.

మా సమావేశం నెలకొక ఆదివారం. ఆ రోజు రాహుకాలం సాయంత్రం నాలుగున్నరకు. మొదటి రెండు నెలలు ఆ లెక్కనే కలుసుకున్నాం. మూడోసారి మా గుమాస్తా గొంతు సవరించుకున్నాడు.

"నాలుగున్నర అనేది మోటు లెక్కప్పా. సూర్యోదయాన్ని బట్టి రోజూ మారతాది. ఇయ్యాల మనం పదకొండు నిమిషాలు ముందే మొదలుపెట్టినాం."

"అంటే ఈ పదకొండు నిమిషాలూ మంచి కాలంలో కూసున్నామా?" అన్నాను.

"శానా మంచి కాలంలో."

హేతువాదికి కచ్చితత్వం ముఖ్యం. ఉగాది ముందు నేనే బజారుకు పోయి కొత్త పంచాంగం అడిగాను. "ఇంట్లో శుభకార్యమా సార్?" అన్నాడు దుకాణదారు. "కాదు, అశుభకార్యం" అన్నాను. పాపం, ఆయన పంచాంగాన్ని పాత పేపర్లో చుట్టి, బాధగా నా భుజం తట్టాడు.

ఆ రోజు నుంచి మా బతుకు మారిపోయింది. రక్తదానానికి దుర్ముహూర్తం, పాత పుస్తకాలు పంచడానికి వర్జ్యం, చివరికి గదికి సున్నం కొట్టడానికి కూడా యమగండం చూసుకునేవాళ్ళం. మే నెలలో గండికోటకు పిక్నిక్ అనుకున్నాం. అమావాస్య, మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటలు. బయల్దేరేటప్పుడు తుమ్మాలని కూడా నేను పట్టుబట్టాను. ఎవరికీ తుమ్ము రాకపోతే మెకానిక్కు పక్క దుకాణం నుంచి ముక్కుపొడి తెచ్చాడు. ఐదుగురం బజారులో నిలబడి, కళ్ళ నీళ్ళు కారుతూ తుమ్మి, మూడు బండ్ల మీద బయల్దేరాం. రాహువు ఏమీ చేయలేదు గానీ ఎండ మాత్రం మాడ్చేసింది. జమ్మలమడుగు దాటిన తర్వాత నా బండి టైరు పంక్చరైంది.

ఐదుగురం దిగి టైరు చుట్టూ చేరాం. బండలు కాలుతున్నాయి. చివరికి మెకానిక్కే నోరు తెరిచాడు.

"మామా, ఇది ఉత్తగనే అయింది గదా?"

"ఉత్తగనే."

"రాహువుకు సంబంధం ల్యాదు గదా?"

"నోరు మూసుకుని టైరు చూడురా!"

టైరులో మేకు దొరికినప్పుడు మాకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు. గుమాస్తా దాన్ని రుమాల్లో చుట్టి తెచ్చి, మందు సీసాలో వేసి, "కారణం" అని చీటీ అంటించాడు. అది మా గదిలో కిటికీ మీద ఇంకా ఉంది.

ఇలా నవ్వుతూ పోతున్న సంఘంలోకి ఆగస్టు సమావేశంలో టీచరమ్మ ఒక మాట తెచ్చింది.

"మేమిద్దరం కలిసి బతుకుతామని నలుగురి ముందర చెప్పుకోవాలని ఉందన్నా. చట్టం దాన్ని పెండ్లి అనకపోతే పాయె. మా అమ్మ వస్తే చాలు నాకు."

వాళ్ళమ్మ ఉండేది పులివెందులలో. సింహాద్రిపురం వైపు కొంచెం చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. కూతురు దర్జీతో ఉంటోందని ఆమెకు తెలుసు, అర్థమైంది కూడా. అరవలేదు, ఏడవలేదు. కానీ రెండేళ్ళలో ఒక్కసారైనా ఆ ఇంటి గడప తొక్కలేదు. ప్రతి ఆదివారం ఫోను చేసేది. తిన్నావా, పడుకున్నావా అని అడిగేది. దర్జీ గురించి "ఆయమ్మ బాగుందా" అని మాత్రం అనేది. ఈ కార్యక్రమం సంగతి చెబితే, "మంచి టైములో చేస్తే వస్తా. మీ వాళ్ళు ఏందో రాహుకాలంలో చేస్తారంట గదా, అట్ల చేస్తే మాత్రం నేను రాను" అందట.

సెప్టెంబరు సమావేశంలో నేను లేచాను. ఆ ఉపన్యాసం నా జీవితంలో మంచివాటిలో ఒకటి. ఒక తల్లి కోసం ఈ రోజు రాహుకాలాన్ని వదిలితే రేపు ఒక మామ కోసం వాస్తును ఒప్పుకుంటాం, ఎల్లుండి ఒక అత్త కోసం జాతకాలు చూస్తాం అన్నాను. కార్యక్రమం రాహుకాలంలోనే జరగాలని తీర్మానం పెట్టాను. మెకానిక్కు చప్పట్లు కొట్టాడు. టీచరమ్మ కొట్టలేదు. దర్జీ చేతిలో ఉన్న దారపు ఉండను విప్పుతూ, చుడుతూ కూర్చుంది.

నియమం ప్రకారం అక్టోబరులో దానికి వ్యతిరేకంగా నేనే వాదించాలి. నా తీర్మానం నెగ్గాలంటే వాదన బలహీనంగా చేస్తే సరిపోతుంది. ముందు రోజు ఇంట్లో అద్దం ముందు నిలబడి నసుగుడు ప్రాక్టీసు చేస్తుంటే గుమాస్తా పట్టేశాడు.

"ఓడిపోయేదానికి తయారైతాండావా?"

"తయారేముంది, అట్లనే మాట్లాడతాండా."

"పదకొండేండ్లుగా నిన్ను చూస్తాండా. నువ్వు నసిగేది ఎప్పుడూ చూడలా. రేపు ఆ పిల్ల మొగం చూసి నసుగు చూద్దాం."

చూసి నసగలేకపోయాను. ఆ పిల్ల ముందు వరుసలో, అంటే ఉన్న ఒక్క వరుసలో, నా ఎదురుగానే కూర్చుంది. నిజంగానే వాదించాను.

"ఆ తల్లి ఎప్పుడన్నా ఒకసారి, బిడ్డ కోసం రాహుకాలం చూస్తుంది. మనం రక్తమిచ్చేదానికి చూస్తాం, సున్నం కొట్టేదానికి చూస్తాం. ఈ ఏడాది పంచాంగం తెరవకుండా మనం చేసిన పని ఒక్కటన్నా ఉందా? ప్రొద్దుటూరులో రాహువుకు మనకంటే భక్తులు ఎవరున్నారు? ఆయనకు గుడి కట్టడం ఒక్కటే తక్కువ. ఆమె భయపడి చూస్తుంది, మనం పొగరుతో చూస్తున్నాం. చూడడంలో మాత్రం తేడా లేదు."

మెకానిక్కు నవ్వి నవ్వి కుర్చీలోంచి జారాడు. ఓట్లు లెక్కపెడితే నా తీర్మానం ఐదు సున్నాతో ఓడింది. ఆ ఐదులో నాదీ ఉంది.

నవంబరు రెండో శనివారం ఖాయమైంది. శనివారం రాహుకాలం తొమ్మిది నుంచి పదిన్నర దాకా. కార్యక్రమం పదీ ముప్పావుకు. ఆ టైమును గుమాస్తా పంచాంగం చూసి పెట్టాడు. ఆ పేజీ తిప్పుతుంటే వాళ్ళ నాయన పోలికలు ఆయన ముఖంలో కనిపించి నాకు ఒళ్ళు మండింది, ముద్దూ వచ్చింది.

ఆ ఉదయం వంట మగవాళ్ళ పని. అది ఎప్పుడో నెగ్గిన తీర్మానం, అరుదైనది. జమ్మలమడుగు ఇంటి వెనక పెరట్లో పొయ్యి పెట్టి బొరుగులు, అంటే మరమరాలు, నానబెట్టాం. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. మెకానిక్కు బొరుగులు పిండాడు. గుమాస్తా ఉల్లిగడ్డలు తరిగి తాలింపు వేశాడు. ఉప్పు దగ్గర వచ్చింది తగాదా.

"రెండు స్పూన్లు" అన్నాడు మెకానిక్కు.

"నాకు బీపీ. ఒకటి" అన్నాను.

"ఒకటిన్నర వేస్తే పోతాది గదా" అన్నాడు గుమాస్తా.

"తీర్మానం పెట్టు మామా" అన్నాడు మెకానిక్కు, వేళాకోళంగానే. నేను పెట్టాను. పెట్టినవాణ్ణే కదా వ్యతిరేకించాలి! వ్యతిరేకించడం మొదలుపెట్టాను. ఉప్పు మనిషికి ఎంత అవసరమో సగం చెప్పేసరికి బయట ఆటో ఆగింది. అందరం అటు పరిగెత్తాం.

పులివెందుల నుంచి వాళ్ళమ్మ. ఏనాడూ టైముకు రాని బస్సు ఆ రోజే టైముకు వచ్చింది. తొమ్మిదీ ఇరవై. చేతిలో చీనీకాయల సంచి, నెత్తిన కొంగు. వాకిట్లో నిలబడి ఇంటిని కింది నుంచి పైదాకా చూసింది.

"ఇప్పుడు రాహుకాలం గదా?"

"ఔనమ్మా. పదిన్నరకు పోతాది" అన్నాడు గుమాస్తా, అడగ్గానే.

"అయితే అంతవరకూ ఈడనే కూసుంటా. మొట్టమొదట గడప తొక్కేది ఇట్ల తొక్కను." వాకిటి బండ మీద కూర్చుంది. నా వైపు తిరిగి, "దేవుడు ల్యాడు, ల్యాడు అని అరిసేది నువ్వేనా నాయనా?" అంది.

"నేనేనమ్మా."

"గొంతు బాగుండాది. అరువు, అరువు."

టీచరమ్మ తల్లి పక్కన కూర్చుంది. దర్జీ లోపల, తలుపు వెనక నిలబడింది. కొత్త చీర కొంగు చివర మెలిపెడుతూనే ఉంది. రెండేళ్ళ దూరంలో ఇక ఆ గడప వెడల్పే మిగిలింది. ఆ తల్లి అక్కడి నుంచే వెనక్కి పోతుందేమోనని మా అందరి భయం. తిండి పెడితే కాస్త టైము గడుస్తుందని మెకానిక్కు ప్లేట్లలో ఉగ్గాని పెట్టి తెచ్చాడు. "అమ్మా, రాహుకాలంలో తినొచ్చు గదా?" అన్నాడు అనుమానంగా.

"తినేదానికేం అడ్డం? ఆకలికి రాహువు తెలుస్తాదా?"

ఆ మాట నేను ముప్పై ఏళ్ళలో ఒక్క వ్యాసంలోనూ రాయలేకపోయాను. దర్జీ తప్ప అందరం బండల మీద కూర్చున్నాం. ఆమె ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం ఆగింది.

"ఎవరప్పా ఇది చేసింది?"

మెకానిక్కు నన్ను చూశాడు. గుమాస్తా చీనీకాయల సంచిని చూశాడు.

"ఉప్పేదీ?"

"ఉప్పు విషయం ఇంకా తేలలేదమ్మా" అన్నాను. "తీర్మానం పెట్టినాం. వ్యతిరేకించేది సగం అయింది..."

"ఏందీ?"

"ఒక స్పూనా రెండా అని..."

"ఉప్పేసేదానికి మీటింగా! చేతుల్లేవా మీకు?" ప్లేటు కింద పెట్టి లేచింది. కొంగు నడుముకు దోపింది. "ముగ్గురు మొగోళ్ళు ఉండి ఒక్క గుప్పెడు ఉప్పు... యాడుండాది పొయ్యి? పెరట్లోనా?" అంటూ ముగ్గురినీ తిట్టుకుంటూ, గడప దాటి, నట్టింట్లోంచి నేరుగా వంటింట్లోకి పోయింది. అల్మరా తలుపులు టపటపా తెరుచుకున్న చప్పుడు బయటికి వినిపించింది. తర్వాత ఆమె గొంతు.

"ఏమే, ఉప్పు డబ్బా యాడ పెట్టినావు?"

"పైన, టీపొడి పక్కన, అత్తా" అంది దర్జీ.

ఆ మాట అన్న మనిషికీ, విన్న మనిషికీ దాన్ని గమనించే తీరిక లేనట్టుంది. "నిమ్మకాయ గూడా తీసుకో" అని మాత్రం వినబడింది. టీచరమ్మ బండ మీద అలాగే కూర్చుని, ప్లేటులోకి చూస్తూ ఏడుస్తూ నవ్వుతోంది.

గుమాస్తా వాచీ చూసుకున్నాడు. తొమ్మిదీ నలభై తొమ్మిది. రాహుకాలం నట్టనడుమ. ఏడాది పొడుగునా నేను కోరుకున్నది ఇదే కదా! రాహుకాలానికి భయపడే ఒక మనిషి, తన ఇష్టంతో, తన కాళ్ళతో... ఆయన నోరు తెరిచాడు. నేను ఆయన కాలు తొక్కాను. మెకానిక్కు చేయి, కార్యక్రమం కోసం గది నుంచి తెచ్చిన సైకిల్ గంట మీదికి పోయింది. గంటకు నా అరచేయి అడ్డం పెట్టాను.

"మామా, నువ్వేనా?" అన్నాడు వాడు గుసగుసగా.

"తిను" అన్నాను.

ఆమె గిన్నెతో బయటికి వచ్చి మా అందరికీ మళ్ళీ వడ్డించింది. ఆమె ఎన్ని స్పూన్లు వేసిందో ఎవరూ అడగలేదు. తర్వాత, చేతులు కడుక్కున్నాక, ఆమె తలెత్తి, "పదిన్నర అయిందా?" అంది. అయిందన్నాడు గుమాస్తా. అప్పుడు కుడికాలు ముందు పెట్టి, బంధువులాగా, పద్ధతిగా, ఆ ఇంట్లోకి మొట్టమొదటిసారి అడుగుపెట్టింది. మేము లేచి నిలబడ్డాం.

ఆ రోజు మినిట్స్ రాసింది నేనే. సంఘం పుస్తకంలో చూడవచ్చు. హాజరైనవారు ఆరుగురు. టిఫిను ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఉప్పు సరిపోయింది. అతిథి లోపలికి వచ్చిన సమయం అన్న చోట మాత్రం ఖాళీ వదిలాను.