జ్వరం దిగిన రోజు బీరకాయ కూర

మా చిన్నప్పుడు... ఇంట్లో ఎవరికైనా జ్వరం దిగిందంటే ఆ రోజు పండగేనండి.

జ్వరం ఉన్నన్నాళ్లూ అన్నం పెట్టేవారు కాదు. బార్లీ నీళ్లు, పాలల్లో ముంచిన బ్రెడ్డు... అంతే. పొద్దున్నే మా అమ్మ వచ్చి మెడ కింద చెయ్యి పెట్టి చూసేది. ఒళ్లు చల్లబడి సన్నగా చెమట పట్టిందంటే చాలు... "హమ్మయ్య, దిగిపోయిందే తల్లీ!" అని వీధిలోకి వినపడేలా అనేది.

ఇక పత్యం వంట మొదలు. మెత్తగా ఉడికిన పాత బియ్యం అన్నం, పాలు పోసిన బీరకాయ కూర, మిరియాల చారు... మా తమ్ముడు నా కంచం చుట్టూనే తిరిగేవాడు. "దొంగ జొరమే అమ్మా దీనిది! కూర కోసం పడుకుంది" అని ఏడిపించేవాడు.

ఆసుపత్రిలో చేరడమంటే మాకు తెలిసినంతలో చెట్టు మీంచి పడి చెయ్యి విరిగినవాళ్లే...

నేను పెద్దగా చదువుకోలేదు. పిల్లల్ని చూసుకోవడం అమ్మ దగ్గర నేర్చుకున్నదే.

పోయిన వానాకాలం మా దుర్గకి జ్వరం వచ్చింది. ఏడో తరగతి. నాకు ఒక్కతే కూతురు. మండపేటలో బిళ్లలు తెచ్చి వేశాం. ఒకరోజు పొద్దున్నే మెడ కింద చెయ్యి పెడితే చల్లగా ఉంది. అచ్చం మా అమ్మలాగే అరిచాను. పరిగెత్తి బీరకాయలు తెచ్చాను.

"పాలు ఎక్కువ పొయ్యవే అమ్మా" అంది దుర్గ, మంచం మీంచే.

రెండు ముద్దలు తింది. "కడుపు నొప్పే, పడుకుంటా" అంది. నీరసం అనుకున్నాను... సాయంత్రానికి వాంతులు. చేతులు, కాళ్లు మంచులా అయిపోయాయి. మా ఆయన మిల్లు నుంచి పరిగెత్తుకొచ్చారు. ఆటోలో రాజమండ్రి తీసుకెళ్లాం.

పిల్లల వార్డు గుమ్మంలోనే ఆగిపోయానండి. మంచానికి ఇద్దరేసి. వరండాలో చాపల మీద కూడా పిల్లలే... ఇంతమందా!

పక్క మంచం దగ్గర ఒకావిడ, రావులపాలెం వైపు నుంచి వచ్చిందట, మెల్లగా అడిగింది. "మీ పాపకి కూడా జొరం తగ్గాకేనా అండీ? మా వాడికి తగ్గిందని తలంటు కూడా పోశాను..."

సెలైన్ పెడుతున్న నర్సమ్మ మా ఇద్దరి వైపూ చూసింది. "డెంగీలో జ్వరం దిగినప్పుడే అసలు భయం అమ్మా. ఇక్కడున్నవాళ్లు చాలామంది తగ్గిపోయిందని సంబరపడ్డాకే వచ్చారు."

తగ్గడం భయమేంటండీ? జ్వరం తగ్గాలనే కదా దేవుడికి దణ్ణం పెట్టుకుంటాం! ఇప్పటికీ నా బుర్రకి ఎక్కదు.

ఆవిడ కొడుకు లేచి కూర్చున్నాడు. చల్లగా ఉండాలి ఆ బిడ్డ. నా దుర్గ లేవలేదు...

మేం ఇంటికొచ్చేసరికి గిన్నెలో కూర అలాగే ఉంది. మూత కూడా నేను పెట్టిందే.

మీ ఇళ్లల్లో పత్యానికి ఏం వండేవారండీ? రాయండి, అన్నీ చదువుకుంటాను. కానీ మీ పిల్లలకి జ్వరం దిగిన రోజు పొయ్యి వెలిగించకండి... ముందు ఆసుపత్రికి తీసుకెళ్లి చూపించండి. కూర తర్వాత వండుకోవచ్చు.

చల్లటి మెడ చేతికి తగిలితే మా అమ్మ ఎంత నవ్వేదో...